పిచికారీ మిషనుకు వేరే పెట్రోలు కావాలి

2025 ఆగస్టులో 20 శాతం ఇథనాల్ పెట్రోలు మీద దేశమంతా గొడవపడింది. కారు మైలేజీ ఎంత పడిపోయింది, బైకు వారంటీ ఉంటుందా పోతుందా అన్నదే చర్చంతా. మైలేజీ కాస్త తగ్గొచ్చు గానీ ఇంజనుకు ఢోకా లేదని పెట్రోలియం శాఖ చెప్పింది. దీని మీద వేసిన పిటిషన్‌ను సెప్టెంబరు 1న సుప్రీంకోర్టు కొట్టేసింది. అక్కడితో అందరూ మరిచిపోయారు. మామిడి రైతు భుజాన మోసే పిచికారీ మిషను సంగతి మాత్రం ఒక్కరూ ఎత్తలేదు. ఈ వారం తునిలో ఒక మెకానిక్ షాపు చూశాక నాకు ఒళ్లు మండింది.

పూత మీద తేనెమంచు పురుగు పడితే మందు కొట్టడానికి రోజులే గడువు. అలాంటి వేళ షాపు ముందు పెట్రోలు స్ప్రేయర్లు వరసగా పడున్నాయి. ఒకదాని ట్యాంకులో మిగిలింది మెకానిక్ ఖాళీ నీళ్ల బాటిల్లోకి వంచాడు. కాసేపటికి అది రెండు పొరలుగా విడిపోయింది. పైన టూటీ ఆయిల్ రంగు దిగిన పెట్రోలు, అడుగున మసకమసకగా ఇంకోటి. "పోయినేడు పూత అయ్యాక అలాగే వదిలేసిందండి ఇది. మొన్న దీంతోనే తాడు లాగి లాగి స్టార్టు చేశారు. పిస్టన్ పట్టేసిందండి" అన్నాడు.

ఇథనాల్ నీటిని పీలుస్తుంది. నెలల తరబడి మూలనున్న ట్యాంకులో నీరు ఒక హద్దు దాటితే ఇథనాల్ పెట్రోలును వదిలి నీటితో కలిసి అడుక్కి దిగుతుంది. ఆయిల్ పైన పెట్రోలులోనే ఉండిపోతుంది. ఇంజనుకు అందేది మాత్రం అడుగుది. ఆయిల్ లేకుండా తిరిగిన టూ స్ట్రోక్ ఇంజను ఎంతసేపు బతుకుతుంది? బిగుసుకున్న డయాఫ్రమ్, కార్బొరేటర్లో పేరుకున్న జిగురు దీనికి అదనం. పైగా ఇథనాల్ బరువులో మూడో వంతుకు మించి ఆక్సిజనే. కొత్త కార్లలో గాలికీ ఇంధనానికీ పాళ్లు సరిచూసే సెన్సర్లున్నాయి. స్ప్రేయరుకు అవేవీ లేవు, అందుకే వేడెక్కిపోతుంది.

అమెరికాలో 10 శాతం దాటిన మిశ్రమాన్ని పడవ ఇంజన్లలో, గడ్డి కోసే మిషన్లలో, మోటారు సైకిళ్లలో పోయకూడదు. ఆ మాట పంపు మీదే స్టిక్కరు అంటిస్తారు. మన బంకుల్లో ఆ మాత్రం హెచ్చరిక కూడా లేదు. 2003లో 5 శాతం కలపడం మొదలైన తొమ్మిది రాష్ట్రాల్లో మనదీ ఒకటి. 2022 జూన్‌కి 10 శాతం, 2025కి 20. 2030 నాటి గడువును అయిదేళ్లు ముందుకు లాగారు. పాత బండ్లకు తక్కువ ఇథనాల్ పెట్రోలు కూడా దొరికేలా చూడమని 2021లో నీతి ఆయోగ్ నివేదికే చెప్పింది. ఆ ఒక్క ముక్కా పక్కన పడేశారు.

ఇదంతా చెరకు రైతు మేలుకే అంటారు. ఏ చెరకు రైతు? తుని దగ్గర తాండవ దాటితే పాయకరావుపేట. అక్కడి తాండవ సహకార చక్కెర ఫ్యాక్టరీ మూతపడింది. ఏటికొప్పాక మూత. తుమ్మపాల మూత. చెరకు మానేసి సరుగుడు వేసుకున్నవాళ్లు ఈ ఊళ్లన్నిటా ఉన్నారు. ఇథనాల్ మీద పెట్టిన శ్రద్ధలో కొంత ఈ సహకార మిల్లుల మీద పెట్టి, ప్రతి మిల్లు పక్కనా ఒక ప్లాంటు కట్టించి ఉంటే అవి బతికేవని నా గట్టి నమ్మకం. మన జిల్లాల వైపు వచ్చింది గోకవరం మండలం గుమ్మళ్లదొడ్డి ప్లాంటు. 2022 నవంబరులో శంకుస్థాపన జరిగిన ఆ ప్లాంటు ముడిసరుకు ధాన్యం, చెరకు కాదు. 2025లో ఎఫ్‌సీఐ బియ్యం కిలో రూ.22.50కి ఇథనాల్ ప్లాంట్లకు వెళ్లింది. ఆ ధరకు తుని బజారులో కూలి మనిషికి కిలో బియ్యం ఎవరిస్తారు?

ఇక సముద్రం వైపు చూస్తే, ఉప్పాడ, పెరుమాళ్లపురం, పెంటకోట బోట్లలో ఎక్కువ డీజిల్‌వే కాబట్టి ఈ బెడద నుంచి ఇన్నాళ్లూ బయటపడ్డాయి. కానీ డీజిల్లో ఐసోబ్యుటనాల్ అనే ఇంకో ఆల్కహాల్‌ను 10 శాతం కలిపే ప్రయోగాలు నడుస్తున్నాయని 2025 సెప్టెంబరులో కేంద్ర మంత్రి గడ్కరీయే చెప్పారు. మన తీరంలో ఏటా ఏప్రిల్ 15 నుంచి 61 రోజులు వేట నిషేధం. అన్నాళ్లు ఉప్పుగాలిలో, నిలవ ఇంధనంతో ఒడ్డున ఉన్న బోటు ఇంజను నడిసముద్రంలో ఆగిపోతే అక్కడ మెకానిక్ షాపు ఉండదు. కలిపే ముందు ఆ పరీక్ష పెంటకోటలో, మత్స్యకారుల కళ్ల ముందు చేయండి. మామిడి రైతుకు మాత్రం అంత ఆలస్యం అక్కర్లేదు. మండలానికి ఒక్క బంకులో ఇథనాల్ కలపని పెట్రోలు పంపు ఒకటి, ఈ పూత రాలకముందే పెట్టించండి.