కాకి సున్నుండ తినేసింది మామా!

పోయిన ఆదివారం మా అక్క కొడుకు నాకు అబద్ధం చెప్పాడు. వాడికి నాలుగేళ్లు. పొద్దున అక్క లెక్కపెట్టి ఆరు సున్నుండలు డబ్బాలో పెట్టింది. సాయంత్రానికి ఐదే ఉన్నాయి. వాడి మూతి చుట్టూ పిండి, చొక్కా మీద నెయ్యి మరక. "ఎవర్రా తిన్నది?" అంటే, క్షణం కూడా తడుముకోకుండా "కాకి" అన్నాడు.

అక్కకి కోపం వచ్చింది. నాకు మాత్రం ఎగిరి గంతేయాలనిపించింది. మేనమామ గారాబం అనుకోకండి. ఇలాంటి ఒక్క మాట కోసం మా ఇంట్లో రెండేళ్లు ఎదురుచూశాం. ఆ కథ చెప్పాలంటే కాస్త వెనక్కి వెళ్లాలి. అందులో నా తప్పు కూడా ఉంది, ముందే ఒప్పేసుకుంటున్నా.

పర్పుల్ వచ్చు, నీళ్లు రావు

అక్క, బావ, నేను కూకట్‌పల్లిలో ఒకే ఫ్లాట్‌లో ఉంటాం. వాళ్లిద్దరివీ పగటి ఉద్యోగాలు, నాది నైట్ షిఫ్ట్. అక్క మెటర్నిటీ లీవ్ అయిపోయాక చిన్నోడిని చూసుకోవడానికి ఒకామె వచ్చేది. మధ్యాహ్నం అన్నం తినిపించే డ్యూటీ మాత్రం నాది. తెల్లారి ఐదింటికి లాగౌట్ అయి, నాలుగైదు గంటలు పడుకుని లేచినవాడికి ఎంత ఓపిక ఉంటుందో మీకు తెలియంది కాదు. వాడేమో నోరు తెరవడు. ఫోన్‌లో రైమ్స్ పెడితే తెరుస్తాడు. పది నిమిషాల్లో గిన్నె ఖాళీ! నేనేదో కనిపెట్టినట్టు సంబరపడ్డా. తర్వాత స్నానానికి, గోళ్లు తీయడానికి, చివరికి నా కునుకుపాట్లకి కూడా అదే మందు అయిపోయింది.

ఏడాది తొమ్మిది నెలలకే వాడు 'వన్' నుంచి 'టెన్' దాకా అప్పజెప్పేవాడు. 'బ్లూ', 'పర్పుల్', 'ఎలిఫెంట్'... అదీ అమెరికా యాసలో. చుట్టాలొస్తే వాడి చేత చెప్పించి వీడియోలు తీసేవాళ్లం. ఫ్యామిలీ గ్రూప్‌లో హార్టులే హార్టులు. తెనాలి నుంచి వచ్చిన అమ్మ ఒక్కతే, "ఒరేయ్, వీడు నిన్ను మామా అని పిలవడేంట్రా?" అంది. "వాడికి పర్పుల్ తెలుసమ్మా, నీకు తెలుసా?" అని నవ్వేశా.

నిజమేంటంటే, దాహమేస్తే వాడు అడిగేవాడు కాదు. నా చెయ్యి పట్టుకుని ఫ్రిజ్ దగ్గరికి లాక్కెళ్లి, ఆ చేతిని తలుపుకేసి నెట్టేవాడు. నా మొహంలోకి చూసేవాడు కాదు.

రెండేళ్లు నిండబోతుండగా జ్వరమొస్తే డాక్టర్ దగ్గరికి తీసుకెళ్లాం. అక్క గొప్పగా వాడి రంగుల సంగతి చెప్పింది. ఆ పెద్దావిడ విని, "బావుందమ్మా. పేరు పెట్టి పిలిస్తే తిరుగుతాడా? ఏదైనా నచ్చితే వేలెత్తి మీకు చూపిస్తాడా? నీళ్లు కావాలంటే ఏమంటాడు?" అని అడిగారు. మా ముగ్గురికీ నోట మాట రాలేదు.

ముందు వినికిడి పరీక్ష చేయించారు. చెవులు బాగానే ఉన్నాయి. ఇంకొన్ని పరీక్షలకి, స్పీచ్ థెరపిస్ట్ దగ్గరికి రాసిచ్చారు. చివర్లో, "రోజుకి ఎన్ని గంటలు ఫోన్ చూస్తాడు? ఎవరు పెడతారు?" అన్నారు. అక్క నా వంక చూసింది. ఏమీ అనలేదు, చూసిందంతే. ఆ చూపు ఇప్పటికీ గుర్తుంది.

వినడం వేరు, బదులు రావడం వేరు

ఆ రాత్రి షిఫ్ట్‌లో పని తక్కువ, చదవడం ఎక్కువ. మొదట నాకర్థంకానిది ఒకటే. రోజంతా మాటలు వింటున్నవాడికి మాటలు ఎందుకు రావు?

దీనికి జవాబు 2003లో వచ్చిన ఒక ప్రయోగంలో దొరికింది. అమెరికాలోని సియాటిల్‌లో ప్యాట్రీషియా కుల్ అనే శాస్త్రవేత్త తొమ్మిది నెలల పిల్లల్ని తీసుకున్నారు. అందరూ ఇంగ్లీష్ మాట్లాడే ఇళ్ల పిల్లలే. కొందరితో చైనా మాండరిన్ మాట్లాడేవాళ్లు ఎదురుగా కూర్చుని, బొమ్మలతో ఆడుతూ, పుస్తకాలు చదువుతూ 12 సార్లు గడిపారు. ఇంకొందరికి అవే మాటలు వీడియోలో చూపించారు. మనుషులతో ఆడిన పిల్లలు మాండరిన్ శబ్దాల తేడాని పట్టేశారు. వీడియో చూసిన పిల్లలు అసలేమీ నేర్చుకోలేదు. అవే మాటలు, అంతే సమయం. తేడా అల్లా ఎదురుగా మనిషి ఉండటమే.

అలాగని పసిపిల్లల చెవులు మామూలువి కావు. 1984లో కెనడాలో జానెట్ వెర్కర్, రిచర్డ్ టీస్ చేసిన పరిశోధనలో మన హిందీ శబ్దాలే వాడారు. 'త'కీ 'ట'కీ తేడా ఇంగ్లీష్ మాట్లాడే పెద్దవాళ్లకి సరిగ్గా తెలియదు. కానీ వాళ్లింట్లోని ఆరేడు నెలల పిల్లలకి తెలుస్తుంది! ఏడాది నిండేసరికి ఆ తేడా వాళ్లకీ వినిపించడం తగ్గిపోతుంది. తన చుట్టూ ఎవరూ వాడని శబ్దాల్ని మెదడు పక్కన పెట్టేస్తుందన్నమాట. అంటే మాట పుట్టకముందే, 'ఉంగా ఉంగా' అనే వయసులోనే, పిల్లలు ఏ భాష మనుషుల మధ్య ఉన్నారో లెక్కలు వేసుకుంటున్నారు.

ఇంకోటి చదివి మాత్రం నిద్ర పట్టలేదు. 1970ల్లో ఎడ్వర్డ్ ట్రోనిక్ అనే అమెరికా సైకాలజిస్ట్ చేసిన ప్రయోగం అది. తల్లి ముందు బిడ్డతో మామూలుగా ఆడుతుంది. తర్వాత కాసేపు మొహంలో ఏ భావమూ లేకుండా ఊరికే చూస్తుంది. బిడ్డ మొదట నవ్వుతుంది. చేతులు చాపుతుంది. కేక పెడుతుంది. ఎంతకీ బదులు రాకపోతే మొహం తిప్పుకుంటుంది, ఏడుస్తుంది. అది చదువుతుంటే నాకు నేనే కనిపించాను. ఒక చేత్తో ముద్ద పెడుతూ, ఇంకో చేతిలోని నా ఫోన్‌లో రీల్స్ జరుపుతున్న నా మొహం బయటినుంచి ఎలా ఉంటుంది? అచ్చం అలాగే కదా! వాడి ఫోన్ ఒక్కటే కాదు, నా ఫోన్ కూడా సమస్యే.

చందమామ చేసే పని

మర్నాడే ఇంట్లో రూల్ పెట్టాం. తినేటప్పుడు ఫోన్ లేదు, ఎవరికీ లేదు. మొదటి వారం నరకం. వాడు గిన్నె విసిరేశాడు, తల నేలకేసి కొట్టుకున్నాడు. రెండుసార్లు నేను ఓడిపోయి ఫోన్ ఇచ్చేశా కూడా. అప్పుడు అమ్మ రెండు నెలలు వచ్చి ఉంది.

అమ్మ ఏ పుస్తకమూ చదవలేదు. సాయంత్రం వాణ్ని చంకనేసుకుని బాల్కనీలోకి వెళ్లేది. చందమామని చూపించేది, వాడు అటు చూసేవాడు, ముద్ద పెట్టేది. "అమ్మా, ఇదీ ఫోన్ లాంటిదేగా, ఏదో ఒకటి చూపించి తినిపించడమే!" అన్నా. కానీ రెండ్రోజులు గమనిస్తే తేడా తెలిసింది. చందమామ కదలడు, పాడడు. కాబట్టి వాడు అటు చూసి, మళ్లీ అమ్మ మొహంలోకి చూడాల్సిందే. కథంతా అక్కడ ఉంది మరి. చందమామ, అమ్మమ్మ, వాడు. ముగ్గురి మధ్య చూపు తిరుగుతూ ఉంటుంది. ఇద్దరు కలిసి ఒకే వస్తువుని చూస్తున్నప్పుడు చెప్పిన మాట పిల్లల మనసుకి అతుక్కుంటుందని సైకాలజిస్టులు చెబుతారు. ఫోన్‌లో బొమ్మ మాత్రం పిల్లాడి చూపుని మళ్లీ మనవైపు పంపదు.

'బువ్వ', 'లాల', 'జోజో' అంటూ అమ్మ సాగదీసి, గొంతు పెంచి మాట్లాడితే నేను వెక్కిరించేవాణ్ని. పసిపిల్లలు మామూలు మాటల కన్నా అలాంటి రాగం ఉన్న మాటల్నే ఎక్కువ ఇష్టంగా వింటారని పరిశోధనల్లో తేలింది. దోబూచులాట కూడా అంతే. కొంగు చాటున మొహం దాచి "బూ" అంటే మనకి ఆట. కంటికి కనిపించకపోయినా మనిషి ఉంటాడని పిల్లలకి అది పాఠం. స్విట్జర్లాండ్‌కి చెందిన పియాజే తన సొంత పిల్లల్ని గమనిస్తూ పుస్తకాలు రాసింది ఇలాంటి విషయాల మీదే.

థెరపిస్ట్ మాకు నేర్పినవి కూడా చాలా చిన్న పనులే. వాడి ఎత్తులో, నేల మీద ఎదురుగా కూర్చోవాలి. మనం చూపించింది వాడు చూడటం కాదు, వాడు చూస్తున్నదాని పేరు మనం చెప్పాలి. చెప్పాక ఆగాలి. మనసులో ఐదు అంకెలు లెక్కపెట్టాలి. వాడు "ఊఁ" అన్నా అది జవాబే, దానికి మళ్లీ బదులివ్వాలి. నాకు అన్నిటికన్నా కష్టమైంది ఆ ఆగడమే. మనకి ఐదు సెకన్లు ఖాళీగా ఉండటం ఎప్పుడో మర్చిపోయిన విద్య!

నెల తర్వాత ఒక మధ్యాహ్నం గోడ మీద బల్లి కనిపించింది. వాడు వేలెత్తి చూపించాడు. తర్వాత తిరిగి నా మొహంలోకి చూశాడు. "అదో" అన్నాడు. అంతే. పర్పుల్ కన్నా, టెన్ కన్నా పెద్ద మాట. నేను వంటింట్లోకి పరిగెత్తి అమ్మకి చెబుతుంటే గొంతు పూడుకుపోయింది. 'మామ' అనడానికి ఇంకో రెండు నెలలు పట్టింది. 'నీలు తావాలి' అనడానికి ఇంకొన్ని. థెరపీకి దాదాపు ఏడాది తిరిగాం.

ఇది చదివి ఎవరినీ తిట్టకండి

ఫోన్ వల్లే మా వాడికి మాట ఆలస్యమైందని నేను ఒట్టేసి చెప్పలేను. డాక్టర్ కూడా అలా అనలేదు. కొందరికి వినికిడి లోపం ఉంటుంది, కొందరికి ఆటిజం ఉంటుంది, కొందరికి ఏ కారణమూ దొరకదు. ఫోన్ చూపిస్తే ఆటిజం వచ్చేస్తుందని రీల్స్‌లో చెప్పేవాళ్లని నమ్మకండి. ఇంట్లో రెండు భాషలుంటే మాట ఆగిపోతుందన్నదీ అపోహే. ముఖ్యంగా ఏ తల్లినీ "నువ్వు పట్టించుకోలేదు" అనకండి. పగలంతా ఆఫీసు, రాత్రి వంట ఉన్న ఇంట్లో ఫోన్ ఎందుకొస్తుందో నాకు బాగా తెలుసు.

కానీ "వాళ్ల నాన్నకీ మూడేళ్లకే మాటలొచ్చాయి", "మగపిల్లలు లేటుగానే మాట్లాడతారు" అని ఊరికే కూర్చోవడం మాత్రం వద్దు. మేం పోగొట్టుకున్నది అలాంటి నెలల్నే. మీ అక్క పిల్లాడో, అన్న కూతురో, మీ బిడ్డో ఉంటే ఈ నాలుగూ చూడండి:

• ఏడాది నిండేసరికి పేరు పిలిస్తే తిరగాలి. టాటా చెప్పడం, చేతులు చాపడం లాంటి సైగలు చేయాలి.

• ఏడాదిన్నరకి తనకి నచ్చింది వేలెత్తి మీకు చూపించాలి. అమ్మ, నాన్న కాకుండా రెండు మూడు మాటలైనా రావాలి.

• రెండేళ్లకి 'పాలు కావాలి', 'నాన్న వచ్చాడు' లాంటి రెండు మాటల జతలు రావాలి.

• ఏ వయసులోనైనా వచ్చిన మాటలు పోతే, ఆ వారమే డాక్టర్ దగ్గరికి వెళ్లాలి.

డబ్బు గురించి ఆగొద్దు. 2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం కింద అంగన్‌వాడీల్లో, ప్రభుత్వ బడుల్లో పిల్లలకి ఉచితంగా పరీక్షలు చేస్తారు. అవసరమైతే జిల్లా కేంద్రంలోని ప్రత్యేక కేంద్రానికి పంపిస్తారు. మీ అంగన్‌వాడీ టీచర్‌నో, ఆశా వర్కర్‌నో అడగండి.

స్క్రీన్ సంగతికొస్తే, ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లోనే చెప్పింది: రెండేళ్ల లోపు వద్దు, ఆ తర్వాత నాలుగేళ్ల దాకా రోజుకి గంట మించొద్దు. మన దేశంలోని పిల్లల డాక్టర్ల సంఘం అప్పుడప్పుడూ చుట్టాలతో చేసే వీడియో కాల్‌కి మాత్రం మినహాయింపు ఇచ్చింది. ఎందుకో ఇప్పుడు మీకే తెలుసు. తెర మీదున్న తాతయ్య బదులిస్తాడు!

మరి అబద్ధం సంగతి?

1983లో ఆస్ట్రియాలో విమ్మర్, పెర్నర్ అనే ఇద్దరు సైకాలజిస్టులు పిల్లలకి ఒక కథ చెప్పారు. మాక్సీ అనే పిల్లాడు చాక్లెట్‌ని ఒక అలమరలో పెట్టి ఆడుకోవడానికి వెళ్తాడు. వాళ్లమ్మ దాన్ని ఇంకో అలమరలోకి మారుస్తుంది. మాక్సీ తిరిగొచ్చి ఎక్కడ వెతుకుతాడు? మూడేళ్ల పిల్లలు సాధారణంగా "కొత్త చోట" అంటారు. తమకి తెలిసింది మాక్సీకీ తెలుసనుకుంటారు. నాలుగు, ఐదేళ్లు వచ్చేకొద్దీ "పాత చోట" అనడం మొదలవుతుంది. అవతలివాడి తలలో ఉన్నది వేరే, నా తలలో ఉన్నది వేరే అని తెలియడం అదే. స్నేహం, జాలి, సర్దుకుపోవడం అన్నీ అక్కణ్నుంచే. అబద్ధం కూడా. మనకి తెలియనిది తనకి తెలుసని అర్థమైతే తప్ప 'కాకి తినేసింది' అనడం కుదరదు.

ఒకప్పుడు నా చెయ్యిని ఒక వస్తువులా ఫ్రిజ్‌కేసి నెట్టినవాడు, ఇవాళ నా తలలో ఏముందో ఊహించి, దాన్ని మార్చాలని చూస్తున్నాడు. సంతోషం కాక మరేంటి?

అయినా వదల్లేదు. వాడి ఎదురుగా నేల మీద కూర్చుని, "సరేరా, మరి కాకి డబ్బా మూత ఎలా తీసింది?" అని అడిగా. అడిగి, అలవాటు ప్రకారం ఐదు లెక్కపెట్టా. వాడు డబ్బా వంక చూశాడు. నా వంక చూశాడు. బాగా ఆలోచించి,

"మూత మామ తీశాడు" అన్నాడు.

అక్క నా వంక చూసింది. మళ్లీ అదే చూపు.