బంక పూశాక పిలవకండి

ఆదివారం పూట మా వారు స్కూటర్ విప్పుకుని కూర్చుంటే ఇంట్లో అందరిదీ ఒకటే మాట: "పనిలో ఉన్నాడు, కదిలించకండి." అదే నేను డాబా మీద రంపం పట్టుకుంటే, "ఖాళీగానే ఉన్నావుగా, కాస్త పప్పు చూసి రా" అంటారు. చెక్కపని నాకు సరదా. బడిలో పాఠాలు చెప్పుకునేదాన్ని, మెట్ల కింద గూట్లో ఉలులూ చిత్రికా దాచుకుని పీటలూ బల్లలూ చేసుకుంటుంటా. టింబర్ డిపోలో మిగిలిన టేకు ముక్కలు చవగ్గా దొరుకుతాయి. దొరకనిదల్లా ఎవరూ పిలవని ఒక గంట.

మా ఇంట్లో చప్పుడుకో లెక్కుంది. మధ్యాహ్నం భోజనాలయ్యాక అత్తయ్యగారు కాసేపు నడుం వాలుస్తారు. అప్పుడు సుత్తి ముట్టుకోకూడదు. ఉలి సాన పెట్టుకోవడం, కొలతలు గీసుకోవడం, గరుకు కాగితంతో రుద్దుకోవడం, అన్నీ ఆ వేళకే. పొద్దున్నపూట కుక్కరు కూస్తూ, మిక్సీ మోగుతూ ఉంటుంది కాబట్టి డ్రిల్లింగ్ మిషన్ పెట్టినా ఎవరూ ఏమీ అనరు. ఆ గోలలో ఇదో గోల. మావాడి పరీక్షలప్పుడు మాత్రం అన్నీ బందే.

రుద్దే పని ఎక్కడ వదిలేసినా నష్టం లేదు, మళ్లీ అక్కణ్ణుంచే మొదలెట్టొచ్చు. బెజ్జం తొలిచే పని అలా కాదు. దానికి పెన్సిల్ గీత చాలదండీ. చాకు మొనతో గీస్తే ఆ సన్నటి గాట్లో ఉలి అంచు తనంతట తానే కుదురుకుంటుంది. ముందు గీతకి కాస్త ఇవతలే ఉండి, పొరలు పొరలుగా లేపుకుంటూ పోవాలి. ఆఖర్న ఉలి నిటారుగా గీత మీద నిలబెట్టి ఒక్క దెబ్బ. సరిగ్గా ఆ దెబ్బ ముందే కింద నుంచి కేక: "అమ్మా, గ్యాస్ బండ వచ్చింది!" దిగి, డబ్బులిచ్చి, పనిలో పనిగా నాలుగు బట్టలు మడతపెట్టి పైకొచ్చేసరికి ఏ వైపు ఉంచాలో, ఏ వైపు తీసెయ్యాలో బుర్రలో ఉండదు. అందుకని తీసెయ్యాల్సిన చోటల్లా ఇంటూ గుర్తు కొడతా. తర్వాత చెయ్యాల్సింది చెక్క మీదే రాసిపెడతా. ఓసారి "ఎడమ కాలు ఇంకో పావంగుళం కొయ్యాలి" అని రాసుంటే అత్తయ్యగారు చదివి, "ఎవరి కాలే అమ్మాయ్?" అన్నారు.

ఈ గుర్తులకీ రాతలకీ లొంగనిది బంక ఒక్కటే. ఫెవికాల్ 1959లో వచ్చింది. అంతకుముందు వడ్రంగులు పశువుల ఎముకలూ తోళ్లూ ఉడికించి తీసిన బంకని వేడివేడిగా పూసేవాళ్లు. చల్లారితే గట్టిపడిపోయేది. ఫెవికాల్‌కి పొయ్యి అక్కర్లేదు గానీ తొందర మాత్రం తప్పదు. అందులో ఉన్న నీరు కొంత చెక్కలోకి ఇంకి, కొంత గాలికి ఆవిరైపోతుంటే బంక బిగుసుకుంటూ వస్తుంది. మా బెజవాడ ఎండల్లో, మే నెలలో, చూస్తుండగానే పైన పొర కట్టేస్తుంది. ఈలోపలే కాళ్లు బెజ్జాల్లోకి దించాలి, మూలమట్టం పెట్టి చూడాలి, క్లాంపులు బిగించాలి, బయటికొచ్చిన బంకని తడిగుడ్డతో తుడవాలి. కాబట్టి పాలు దించానా, మోటారు ఆపానా అని ముందే చూసుకుని, "బంక పూస్తున్నానహో!" అని ఇల్లంతా వినపడేట్టు కేకేస్తా. దొంగలు పడ్డా ఇక నన్ను పిలవకూడదు.

తమాషా ఏమిటంటే, క్లాంపులు బిగించాక నాకింక పనే లేదు. తెల్లారేదాకా దాన్ని ముట్టుకోకపోవడమే పని. అందుకే రాత్రి వంటకి ముందు బంక పెట్టుకుంటా. నేను చపాతీలు ఒత్తుతున్నంతసేపూ డాబా మీద నా పని సాగుతూనే ఉంటుంది. ఇంత సుఖం ఇంకే పనిలోనూ లేదు.

మాకు దగ్గర్లోనే కొండపల్లి. అక్కడ బొమ్మలు చేసే ఇళ్లలో చూడండి, ఇల్లే కార్ఖానా. తేలికైన తెల్లపొణికి కర్రని ఆరబెట్టి, చేతులూ తలలూ విడివిడిగా చెక్కుతారు. చింతగింజల పొడీ రంపపుపొట్టూ కలిపిన మక్కుతో అతుకుతారు. ఆరాక సున్నం పూత, అదీ ఆరాక రంగులు. ఆరేది ఆరుతుంటే ఈలోగా అన్నం వండుకోవచ్చు. పనీ సంసారమూ ఒకే గదిలో ఒదిగాయంటే నాకేం ఆశ్చర్యం లేదు. కాకపోతే అది వాళ్ల కూడు, నాది సరదా. మధ్యలో లేపేటప్పుడు ఇంట్లోవాళ్లకి ఆ తేడా బాగా గుర్తుంటుంది.

ఇక ఇంటి అవసరాల సంగతి. వానాకాలం రాగానే స్నానాలగది తలుపు పడదు. "చిత్రిక ఉందిగా, కాస్త పట్టెయ్" అంటారు మా వారు. చెక్క తేమకి అడ్డంగా ఉబ్బుతుంది, పొడుగున పెద్దగా మారదు. ఇప్పుడు చిత్రిక పడితే ఎండాకాలానికి తిరిగి సన్నబడి సందు పడుతుందని చెప్పి, అంచుకి కొవ్వొత్తి రుద్ది వదిలేశా. ఆయన నమ్మలేదు. పైగా నేను సాన పెట్టుకున్న ఉలితో పెయింటు డబ్బా మూత తీశారు. ఆ సంగతి ఇక్కడ వద్దులెండి.

ప్రస్తుతం చేస్తున్నది అత్తయ్యగారికి పీట. మోకాళ్ల నొప్పులతో కింద కూర్చోలేకపోతున్నారు. "ముక్కాలి పీట చెయ్యవే, నేల ఎగుడుదిగుడుగా ఉన్నా ఊగదు" అన్నారు. నిజమే, ఊగదు. కానీ ఒక పక్కకి బరువేసి లేవబోతే పడదోస్తుంది. ఆ వయసుకి నాలుగు కాళ్లే మేలని పట్టుబట్టా. ఎత్తు కూడా కుర్చీ అంత పెట్టా, లేవడానికి తేలికని. కాళ్లు అతికాయి, రుద్దడమూ అయింది, పాలిష్ ఒక్కటే బాకీ. ఈలోగా ఆవిడ దాన్ని వంటింట్లోకి తీసుకెళ్లి కూర్చుని చిక్కుళ్లు ఒలుస్తున్నారు. అడిగితే "బాగానే ఉందిగా, ఇంకెందుకే పాలిషు?" అంటున్నారు. పాలిష్ డబ్బా చేత్తో పట్టుకుని, పక్కింటావిడ వచ్చి ఆవిణ్ణి కబుర్లకి పిలిస్తే బావుణ్ణని చూస్తున్నా.