ఓర్పునకును హద్దు కలదు

రాత్రి మూడవ జామున వార్డులో ఒక చేత సెలైను సీసా మార్చుచు, మఱియొక చేత కేసుషీటు అందుకొనుచు, బల్లపై మీగడగట్టి చల్లారిన టీ గ్లాసును మరచిపోయిన నర్సమ్మను చూచినప్పుడెల్లను, ఆమె సహనమును కొనియాడుట కంటె ఆమెకు తోడుగా ఇంకొక నర్సును నియమించుటయే న్యాయమని నాకు తోచును. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో ఇట్టి పనిభారమువలన కలుగు వృత్తిశ్రాంతిని (బర్నౌటును) రోగములలో చేర్చక, పనిచోట చక్కదిద్దబడని దీర్ఘకాలపు ఒత్తిడి ఫలితముగా నిర్వచించినది. ఆ నిర్వచనము నాకు మిక్కిలి సమంజసముగా నున్నది. వైద్యుల పాటును నర్సుల పాటు వంటిదే; రెసిడెంటు వైద్యుల ఎడతెగని డ్యూటీ సాధారణముగా 12 గంటలకు మించరాదని కేంద్రప్రభుత్వము 1992లోనే ఆదేశించినది గదా! 36 గంటలు కన్నుమూయని యువవైద్యునికి మనోధైర్యముపై ఉపన్యాసము లేల? ఖాళీలు పూరించి, ఆ ఉత్తర్వును అమలుపఱచి, ముందతనిని నిద్రపోనిండు.