సీఎస్ఆర్ సొమ్ము దానం కాదు.. మన బస్తీలు అడగడం నేర్చుకోవాలి

పెద్ద కంపెనీ వాళ్లు బస్తీ స్కూలుకు వస్తారు. ఒకే రంగు టీషర్టులు వేసుకుని గోడలకు రంగులేస్తారు, పిల్లలకు బ్యాగులిస్తారు, ఫొటోలు దిగి సాయంత్రానికి వెళ్లిపోతారు. మర్నాడు చూస్తే లెక్కల టీచరు పోస్టు ఖాళీయే, బాత్రూములో నీళ్లు రావు.

వాళ్ల మనసు మంచిదే. కానీ ఇది దయతో ఇచ్చేది కాదు, చట్టం పెట్టిన బాధ్యత. 2013 కంపెనీల చట్టం 135వ సెక్షన్ ప్రకారం 500 కోట్ల నికర విలువ, 1000 కోట్ల టర్నోవర్, 5 కోట్ల నికర లాభం.. వీటిలో ఏ ఒక్కటి ఉన్నా, గత మూడేళ్ల సగటు లాభంలో 2 శాతం సమాజానికి ఖర్చు చేయాల్సిందే. కంపెనీ పనిచేసే చోటికి, చుట్టుపక్కల ప్రాంతాలకు ప్రాధాన్యం ఇవ్వాలనీ అందులోనే ఉంది. ఉద్యోగులు సేవకు వెచ్చించిన గంటలను డబ్బుగా లెక్కగట్టి ఈ ఖాతాలో చూపడానికి వీల్లేదు.

మరి ఆ సొమ్ము మన గల్లీ దాకా ఎందుకు రాదు? ఒక కారణం కాగితాలు. ట్రస్టు గానీ సొసైటీ గానీ ఈ నిధులతో పని చేయాలంటే మూడేళ్ల అనుభవం, ఆదాయపు పన్ను శాఖ ఇచ్చే 12ఏ, 80జీ, కార్పొరేట్ వ్యవహారాల శాఖలో సీఎస్ఆర్-1 నమోదు కావాలి. మన చిన్న సంఘాలు సేవలో ముందుంటాయి, లెక్కల పుస్తకాల దగ్గర ఆగిపోతాయి.

మొహల్లాలో అకౌంట్స్ తెలిసిన యువత ఈ పని భుజాన వేసుకోవాలి. ఏడాదికి మించి సాగే ప్రాజెక్టులకూ చట్టం ఒప్పుకుంటుంది. ఈసారి కంపెనీ వాళ్లొస్తే రంగు డబ్బాలు కాదు, మూడేళ్లు టీచరు జీతం అడుగుదాం.