బడికి కొళాయిలు వద్దు, కాలితో తొక్కే డబ్బాలు చాలు

ఈ ఏడు మన కుటుంబం తరఫున మనూరి బడిలో పిల్లోళ్ళు చేతులు కడుక్కొనేదానికి వసతి చేద్దామని పెద్దనాయన చెప్పినారు. మంచి మాటే. అయితే అందరి మనసులో ఉండేది సిమెంటు కట్ట, ఆరు స్టీలు కొళాయిలు, పైన ట్యాంకు, గోడమీద తాత పేరుతో పలక. నాకు ఇది సరిపడలేదు. సాఫ్ట్‌వేరు టెస్టింగు చేసేవాళ్ళకు ఏది చూసినా ఇది ఎక్కడ నిలిచిపోతుంది అనే ఆలోచనే వస్తుంది. చదివింది కన్నడంలో కాబట్టి, నాకు తెలిసిన ఇంటి తెలుగులోనే రాస్తా ఉండాను.

మన తమిళనాడులో 2023 ఆగస్టు నుంచి సర్కారు ప్రాథమిక బళ్ళన్నిట్లో పొద్దున టిఫిను కూడా పెడతా ఉండారు. అంటే పిల్లోళ్ళు బడిలో రెండు పూటలు తింటారు. మరుగుదొడ్డికి పోయి వచ్చింది కూడా కలిపితే ఒక్కొక్కరు కనీసం మూడుసార్లు చేతులు కడగాల. కొళాయి నిమిషానికి 6 లీటర్లు వదుల్తుంది అనుకోండి. సోపు రుద్దుకొనే 20 సెకండ్లు ఏ పిల్లోడూ దాన్ని మూయడు. ఒక్కసారికి 2 లీటర్లు పోతాయి. 60 మందికి రోజుకు 360 లీటర్లు. ఎండాకాలంలో మనూరి బోరు ఇంత నీళ్ళు ఇస్తుందా, మీరే చెప్పండి. కొళాయిలు ఉంటాయి, పలకా ఉంటుంది, నీళ్ళుండవు.

1980లలో జింబాబ్వేలో జిమ్ వాట్ అనే ఆయన ప్రచారంలోకి తెచ్చిన టిప్పీ ట్యాప్ అనే ఉపాయం ఉండాది. రెండు పంగలకర్రలు నాటి, అడ్డంగా ఒక కర్ర పెట్టి, దానికి 5 లీటర్ల డబ్బా వేలాడదీస్తారు. డబ్బా మూతి దగ్గర చిన్న బెజ్జం. మూతికి కట్టిన దారం కింద ఒక పుల్లకు కట్టి ఉంటుంది. పుల్లను కాలితో తొక్కితే డబ్బా వంగి సన్నటి ధార పడుతుంది, కాలు తీస్తే నిలిచిపోతుంది. బెజ్జం సరిగ్గా పెడితే ఒకరికి 100 మిల్లీలీటర్లతో పని అయిపోతుంది. అదే 60 మందికి రోజుకు 18 లీటర్లు. ఒక పెద్ద బిందె.

మనకు ఇది కొత్తా? గిండి మనింట్లోనే ఉండాది, అటకమీద. సన్నటి మూతి ఎందుకు పెట్టినారు? నీళ్ళు తక్కువ పడాలనే కదా. మనింటికి ఎవరొచ్చినా కాళ్ళకు నీళ్ళిచ్చే వంశం అని ఇక్కడ చానాసార్లు రాసుకొన్నాం. ఆ నీళ్ళు పోసిన చెయ్యి ఎవరిది? అవ్వది, అత్తలది. కూలికి వచ్చినవాళ్ళ చేతికి చెంబు ఇచ్చేవాళ్ళు కాదు, ఎత్తునుంచి పోసేవాళ్ళు. ఇది కూడా రాయాల. తొక్కే డబ్బాకు పోసేవాళ్ళూ అక్కరలేదు, ఎవరు ముట్టినారు అనే మాటా లేదు.

డబ్బా చెడిపోదు అని నేను చెప్పను. ఎండకు ప్లాస్టిక్కు పగులుతుంది. దారం తెగుతుంది. ఒకటో తరగతి పిల్లకు పుల్ల అందదు, కాబట్టి వాళ్ళకు పొట్టి కర్రలతో ఒకటి వేరే పెట్టాల. సోపు కాకి ఎత్తుకొని పోతుంది. పాత మేజోడులో వేసి కట్టితే పోదు. గంట కొట్టగానే అందరూ ఒకేసారి వస్తారు. తలా అర నిమిషం అంటే ఒక్క డబ్బాకు అరగంట వరస, ఆరు డబ్బాలైతే 5 నిమిషాలు. ఆరింటిలో 30 లీటర్లు పడతాయి, పొద్దున ఒకసారి నింపితే సాయంత్రానికి వస్తుంది.

అయితే అన్నిటికన్నా ఎక్కువగా చూసేది ఖాళీ డబ్బా. నింపేదెవరు? చెప్పకుంటే ఆడపిల్లల మీదే పడుతుంది. ఐదో తరగతి మగపిల్లలతో కలిపి వారం వారం వంతు గోడమీద రాయాల. పలక కావాలంటే అదే పలక.

నీళ్ళ గురించి ఒక మాట. మన జిల్లాలో, ధర్మపురి జిల్లాలో బోరు నీళ్ళలో ఫ్లోరైడు ఎక్కువనే 2013లో హొగేనకల్ నుంచి కావేరి నీళ్ళ పథకం వచ్చింది. ఆ నీళ్ళు తాగేదానికి, వండేదానికి ఉంచుకోవాల. చేతులకు బోరు నీళ్ళు చాలు, ఫ్లోరైడు చర్మంలో నుంచి ఎక్కదు. కెలవరపల్లి దగ్గర నురుగు కట్టే ఏటి నీళ్ళు మాత్రం తేవద్దు. డబ్బాల కింద గులకరాళ్ళు పోసి, కాలువ తీసి అరటిచెట్టుకు వదిలితే బురద ఉండదు.

కొళాయిల కోసం ఎత్తిపెట్టిన డబ్బు బ్యాంకులోనే ఉండనీండి. ఏడాదికి కావల్సిన సోపు, దారం, కొత్త డబ్బాలు దాంట్లో నుంచి తీసుకొందాం. తాత పేరు డబ్బా మీద రాసేదానికి నాకు అభ్యంతరం లేదు పెద్దనాయనా, కానీ రెండేండ్లకోసారి మళ్ళీ రాయాల్సి వస్తుంది.