బ్రెయిన్ హెల్త్: ఆకుకూరలు, పప్పులు తింటే మతిమరుపు రాదా? పరిశోధనలు చెబుతున్న అసలు లెక్క ఇదీ..

'ఈ ఒక్క ఆకు తింటే చాలు.. జన్మలో మతిమరుపు రాదు'. 'ఈ గింజలు నానబెట్టి తింటే మెదడు కంప్యూటర్‌లా పనిచేస్తుంది'. ఫోన్ తెరిస్తే ఇలాంటి వీడియోలు వరుసగా వచ్చి పడుతున్నాయి. ఇంట్లో అమ్మకో, నాన్నకో, తాతయ్యకో మతిమరుపు మొదలైతే వాటినే నమ్మి పొడులు, మాత్రలు కొనేవాళ్లు చాలామందే ఉన్నారు. మరి మొక్కల నుంచి వచ్చే ఆహారానికి, జ్ఞాపకశక్తికి నిజంగా సంబంధం ఉందా? ఉంటే ఎంత? పరిశోధనల్లో తేలిందేంటో ఓసారి చూద్దాం.

మన దేశంలో పరిస్థితి ఎలా ఉంది?

ముందు సమస్య ఎంత పెద్దదో తెలియాలి. 2023లో వెలువడిన జాతీయ స్థాయి అధ్యయనం ప్రకారం దేశంలో 60 ఏళ్లు దాటినవారిలో 7.4 శాతం మందికి డిమెన్షియా ఉంది. అంటే దాదాపు 88 లక్షల మంది. మగవారి కంటే ఆడవారిలో, పట్నాల కంటే పల్లెల్లో ఇది ఎక్కువగా కనిపించింది. 2036 నాటికి ఈ సంఖ్య సుమారు 1.7 కోట్లకు చేరొచ్చని అంచనా. పెద్దవాళ్లు అడిగిందే అడుగుతుంటే 'చాదస్తం' అని కొట్టిపారేసే ఇళ్లలో ఈ జబ్బు బయటపడేసరికే ఆలస్యం అయిపోతోంది.

మెదడుకు, తిండికి లింకేంటి?

మన శరీర బరువులో మెదడు వాటా 2 శాతమే. కానీ శరీరం వాడే శక్తిలో దాదాపు 20 శాతం అదే తీసుకుంటుంది. ఆ శక్తి అందాలంటే సన్నటి రక్తనాళాలు బాగుండాలి. బీపీ, షుగర్, చెడు కొలెస్ట్రాల్ పెరిగితే మొదట దెబ్బతినేది ఆ నాళాలే. ఆకుకూరల్లోని ఫోలేట్, విటమిన్ కె, ల్యూటీన్, పండ్లలోని రంగు పదార్థాలు, పప్పుల్లోని పీచు.. ఇవన్నీ నాళాలకు, నరాల కణాలకు మేలు చేస్తాయని శాస్త్రవేత్తలు భావిస్తున్నారు.

ఆశలు పెంచిన రెండు అధ్యయనాలు

అమెరికాలోని షికాగోలో ఉన్న రష్ యూనివర్సిటీ పరిశోధకులు 2015లో 'మైండ్ డైట్' పేరుతో ఒక ఆహార పద్ధతిని ముందుకు తెచ్చారు. ఆకుకూరలు వారంలో కనీసం ఆరుసార్లు, రోజూ ఇంకో కూరగాయ, దంపుడు ధాన్యాలు, చిక్కుళ్లు, గింజలు, బెర్రీ పండ్లు.. ఇదీ దాని సారాంశం. అలాగని పూర్తి శాకాహారమేమీ కాదు. చేప, కోడిమాంసం కూడా అందులో ఉన్నాయి. వెన్న, చీజ్, మాంసం, స్వీట్లు, వేపుళ్లు బాగా తగ్గించమంటుంది. 923 మంది వృద్ధులను సగటున నాలుగున్నరేళ్లు పరిశీలిస్తే, ఈ పద్ధతికి బాగా దగ్గరగా తిన్నవారిలో అల్జీమర్స్ ముప్పు 53 శాతం తక్కువగా కనిపించింది. ఓ మోస్తరుగా పాటించినవారిలోనూ 35 శాతం తగ్గింది.

2018లో అదే బృందం 960 మందిపై మరో అధ్యయనం చేసింది. రోజూ ఒక పూటకు సరిపడా ఆకుకూర తిన్నవారికి, దాదాపు తిననివారికి మధ్య తేడా చూశారు. మెదడు మందగించే వేగం విషయంలో ఆ తేడా 11 ఏళ్ల వయసు తేడాతో సమానమని లెక్క తేలింది. వీడియోల్లో 'ఆకుకూరతో మెదడు 11 ఏళ్లు కుర్రదైపోతుంది' అని వినిపించే మాటకు మూలం ఇదే. ఒక పూట అంటే వండిన ఆకుకూర అర కప్పు మాత్రమే.

ఇక్కడే అసలు ట్విస్ట్!

పై రెండూ 'పరిశీలన' అధ్యయనాలు. అంటే జనం ఏం తింటున్నారో అడిగి రాసుకుని, తర్వాత ఏమైందో చూశారు. ఆకుకూరలు ఎక్కువ తినేవాళ్లు నడక, చదువు, ఆస్పత్రి చెకప్‌ల విషయంలోనూ జాగ్రత్తగా ఉండొచ్చు. మరి మేలు చేసింది కూరా? ఆ జాగ్రత్తలా? లెక్కల్లో సర్దుబాట్లు చేస్తారు కానీ పూర్తిగా విడదీయడం కష్టం.

అందుకే అసలు పరీక్ష పెట్టారు. కుటుంబంలో డిమెన్షియా ఉండి, బరువు ఎక్కువగా ఉన్న 65 ఏళ్లు దాటిన 604 మందిని రెండు గుంపులు చేశారు. ఒక గుంపుకు మైండ్ డైట్, ఇంకో గుంపుకు వాళ్లు తినే తిండే. అయితే కేలరీలు కాస్త తగ్గించమని ఇద్దరికీ చెప్పారు. మూడేళ్ల తర్వాత 2023లో వచ్చిన ఫలితం చూసి చాలామంది ఆశ్చర్యపోయారు. రెండు గుంపుల మధ్య చెప్పుకోదగ్గ తేడా లేదు! రెండు గుంపుల్లోనూ పరీక్షల మార్కులు కొంచెం మెరుగయ్యాయి. ఇద్దరూ సుమారు 5 కిలోల బరువు తగ్గారు.

అంటే ఆకుకూరలు దండగ అనా? కాదు. డిమెన్షియా పదిహేను, ఇరవై ఏళ్లపాటు లోలోపల ముదిరే జబ్బు. మూడేళ్ల పరీక్షలో అది తేలకపోవచ్చు. పైగా రెండో గుంపు కూడా తిండి తగ్గించి బరువు తగ్గింది. కాబట్టి ఈ ఫలితం నుంచి నేర్చుకోవాల్సింది ఒక్కటే. 65 దాటాక మూడేళ్లు కూర తిని మతిమరుపు ఆపేద్దామంటే కుదరదు. నలభైల్లోనే ప్లేటు మార్చుకుంటే ఉపయోగం ఉండొచ్చు.

14 కారణాల్లో 'తిండి' ఎక్కడ?

లాన్సెట్ కమిషన్ 2024 నివేదిక ప్రకారం 14 ముప్పు కారణాలను అదుపు చేయగలిగితే ప్రపంచంలో దాదాపు 45 శాతం డిమెన్షియా కేసులను ఆపడమో, వాయిదా వేయడమో సాధ్యం. వినికిడి లోపం, చూపు తగ్గడం, చదువు లేకపోవడం, పొగతాగడం, ఒంటరితనం, గాలి కాలుష్యం లాంటివి ఆ జాబితాలో ఉన్నాయి. విచిత్రం ఏంటంటే 'ఆహారం' అని విడిగా అందులో లేదు. కానీ బీపీ, షుగర్, చెడు కొలెస్ట్రాల్, ఊబకాయం ఉన్నాయి. ఈ నాలుగింటికీ దారి మన కంచంలోంచే వెళ్తుంది. తిండి మెదడును కాపాడేది ఎక్కువగా ఈ దారిలోనే.

'మేం శాకాహారులం.. మాకేం కాదు' అనుకుంటున్నారా?

పాలిష్ బియ్యం, మైదా, పంచదార, బంగాళదుంప చిప్స్, కూల్ డ్రింక్.. ఇవన్నీ కూడా మొక్కల నుంచి వచ్చినవే. మూడు పూటలా తెల్లన్నం, పక్కన రెండు చెంచాల కూర, నంజుకోవడానికి ఆవకాయ, అప్పడం.. మాంసం లేకపోయినా ఈ భోజనం షుగర్, బీపీలను పెంచుతుంది. ధాన్యాల నుంచి వచ్చే కేలరీలు మొత్తంలో 45 శాతం దాటకూడదని, కంచంలో సగం కూరగాయలు, ఆకుకూరలు, పండ్లే ఉండాలని హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ 2024 మార్గదర్శకాల్లో చెప్పింది. మన కంచాల్లో సగం ఏముంటుందో మనకే తెలుసు.

మాంసాహారులకూ ఒక కబురు ఉంది. అమెరికాలో లక్షా 33 వేల మందికి పైగా వివరాలతో 2025లో వచ్చిన అధ్యయనంలో, సాసేజ్, బేకన్ లాంటి ప్రాసెస్ చేసిన మాంసం ఎక్కువ తిన్నవారిలో డిమెన్షియా ముప్పు 13 శాతం ఎక్కువగా కనిపించింది. దాని బదులు గింజలు, పప్పులు తింటే ముప్పు సుమారు 19 శాతం తక్కువని లెక్కగట్టారు. ఇదీ పరిశీలన అధ్యయనమే అని మర్చిపోవద్దు.

బీ12.. అందరూ మర్చిపోతున్న విషయం

శాకాహార ఇళ్లు తప్పక తెలుసుకోవాల్సిన ముచ్చట ఇది. విటమిన్ బీ12 సహజంగా దొరికేది పాలు, పెరుగు, గుడ్లు, చేపలు, మాంసంలోనే. ఎన్ని ఆకుకూరలు తిన్నా అది రాదు. ఇది బాగా తగ్గితే మతిమరుపు, అరికాళ్ల తిమ్మిర్లు, నడకలో తూలడం, నీరసం వస్తాయి. చూసేవాళ్లకు అచ్చం ముసలితనం లాగే ఉంటుంది. వయసు పెరిగేకొద్దీ బీ12ను ఒంటికి పట్టించుకునే శక్తి తగ్గుతుంది. షుగర్‌కు మెట్‌ఫార్మిన్, గ్యాస్‌కు మాత్రలు ఏళ్ల తరబడి వాడేవారిలోనూ ఇది తగ్గే అవకాశం ఉంది. అలాగని ఆ మందులు సొంతంగా ఆపకూడదు. రక్తపరీక్షతో లోపం తెలిసిపోతుంది. త్వరగా పట్టుకుంటే మాత్రలు, ఇంజెక్షన్లతో చాలావరకు సరిదిద్దొచ్చు.

మన వంటింట్లో ఏం చేయొచ్చు?

* బ్లూబెర్రీలు కొనక్కర్లేదు. సీజన్‌లో నేరేడు పండ్లు తినొచ్చు. వాటిలోనూ ఆ ముదురు రంగు పదార్థాలున్నాయి. జామ, ఉసిరి కూడా మంచివే.
* తోటకూర, పాలకూర, బచ్చలి, మునగాకు.. పప్పులో వేసినా, పొడికూర చేసినా రోజూ ఒకటి ఉండేలా చూడండి.
* అన్నం ఒక గరిటె తగ్గించి పప్పు, కూర ఒక గరిటె పెంచండి. పెసలు, శనగలు, అలసందలు, ఉలవలు మార్చి మార్చి వాడండి.
* సాయంత్రం బజ్జీల బదులు గుప్పెడు వేయించిన పల్లీలు లేదా ఉడికించిన శనగలు తినండి.
* ఉప్పు రోజుకు 5 గ్రాములు దాటకూడదు. పచ్చళ్లు, అప్పడాల్లోదీ లెక్కలోకే వస్తుంది.
* రక్తం పలచబడే వార్ఫరిన్ లాంటి మందు వాడేవాళ్లు ఆకుకూరలు ఒక్కసారిగా పెంచొద్దు. కిడ్నీ జబ్బు ఉన్నవాళ్లూ డాక్టర్‌ను అడిగాకే మార్పులు చేసుకోవాలి.

ఎప్పుడు డాక్టర్ దగ్గరికి వెళ్లాలి?

తాళాలు ఎక్కడ పెట్టామో మర్చిపోవడం అందరికీ మామూలే. రోజూ వెళ్లే దారి తప్పిపోవడం, చెప్పిందే పదేపదే చెప్పడం, ఎప్పుడూ చేసే డబ్బు లెక్కలు తికమక కావడం, ఉన్నట్టుండి స్వభావం మారిపోవడం మాత్రం మామూలు కాదు. అలాంటప్పుడు ఏ పొడీ కొనకుండా ముందు డాక్టర్‌కు చూపించండి. బీ12, థైరాయిడ్, షుగర్, బీపీ, వినికిడి పరీక్షలు చేయిస్తే సరిదిద్దగల కారణం దొరకొచ్చు. వృద్ధుల సమస్యలపై సమాచారం, సాయం కోసం జాతీయ హెల్ప్‌లైన్ 14567కు ఫోన్ చేయొచ్చు.

మొత్తంగా చూస్తే.. మతిమరుపును ఆపేసే ఆకు గానీ, గింజ గానీ ఇప్పటివరకు ఏదీ రుజువు కాలేదు. కూరలు, పప్పులు ఎక్కువ, అన్నం, ఉప్పు, నూనె తక్కువ ఉన్న కంచం మాత్రం గుండెను, రక్తనాళాలను కాపాడుతుంది. వాటితో పాటే మెదడుకూ మేలు జరిగే అవకాశం ఉంది. ఖర్చు కూడా ఆన్‌లైన్ పొడుల కంటే తక్కువే.

(గమనిక: ఈ కథనం అవగాహన కోసం మాత్రమే. ఆరోగ్య సమస్యలుంటే వైద్యులను సంప్రదించండి.)