మూణ్ణెల్ల ముచ్చటకు పెరడంతా ఎందుకు?

డిసెంబరు వచ్చిందంటే చాలు, కడియం నర్సరీల పూలకుండీలు పట్టణాలకు బారులు తీరుతాయి. పెటూనియా, డాలియా, సాల్వియా. కళ్ళకు పండుగే, కాదనను. కాని ఎండలు ముదిరేసరికి అవన్నీ మాడిపోతాయి. మిగిలేది ఖాళీ కుండీ, దాని కింద నీళ్ళు నిలిచిన పళ్ళెం. ఆ పళ్ళెంలో ఏడిస్ దోమ పెట్టిన గుడ్డు వారం పది రోజుల్లో డెంగ్యూను మోయగల దోమగా ఎదుగుతుంది.

పూలపై నాకు ద్వేషం లేదు. గొబ్బెమ్మ తలపై బంతిపువ్వు లేని ధనుర్మాసం నాకూ వెలితే. టమాటా మడిలో బంతి వేస్తే కాయతొలుచు పురుగు దానివైపు మళ్ళుతుంది. తాగిన నీటికి పనిచేసిన మొక్క అది. నాలుగు గజాల పెరడునంతా మూణ్ణెల్ల మొక్కలకు ధారపోసి, మునగకూ కరివేపకూ నిమ్మకూ చోటు లేదనేవారితోనే నా తగవు.

2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 15–49 ఏళ్ళ స్త్రీలలో రక్తహీనత ఆంధ్రప్రదేశ్‌లో 58.8 శాతం, తెలంగాణలో 57.6 శాతం. ప్రభుత్వాసుపత్రిలో పనిచేసినన్నాళ్ళూ, కింది కనురెప్పను లాగి చూసినప్పుడు పాలిపోయిన పొర కనిపించని రోజంటూ నాకు లేదు. వారందరూ బీదలు కారు. వాకిట్లో గులాబీలు పెంచుకునే ఇళ్ళవారూ ఉన్నారు.

మునగాకులో ఇనుము, విటమిన్ ‘ఎ’గా మారే కెరోటిన్ పుష్కలం. 100 గ్రాముల ఆకులో కాల్షియం 300 మిల్లీగ్రాములకు పైమాటే. అంతే ఆవుపాలలో సుమారు 120. ఆకుకూరల్లోని ఇనుమును శరీరం తేలికగా గ్రహించలేదు. నిమ్మరసంలోని విటమిన్ ‘సి’ ఆ పనికి తోడ్పడుతుంది. భోజనం కాగానే తాగే టీ అడ్డుపడుతుంది. అందుకే మునగ పక్కన నిమ్మ ఉండాలంటున్నాను. అయితే ఒక హెచ్చరిక: రక్తహీనత ఉన్నవారికీ గర్భిణులకూ వైద్యులిచ్చే ఇనుము మాత్రలకు ఏ ఆకూ బదులు కాదు.

“మునగకు గొంగళిపురుగులు పడతాయి” అంటారు. పడతాయి. మొదలుపై గుంపుగా చేరినప్పుడే చీపురుతో సబ్బునీళ్ళలోకి ఊడ్చేయాలి; నూగు తగిలితే దురద గనుక ఒళ్ళు కప్పుకోవాలి. “కొమ్మ విరిగి మీద పడుతుంది” అంటారు. మునగచెట్టు ఎక్కించడమనే మాట ఊరికే పుట్టిందా! ఏటా కాపు కాగానే కొట్టేస్తే చెట్టు చేతికందే ఎత్తులోనే ఉంటుంది, ఆకూ దండిగా వస్తుంది. పురుగుకు వెరచి చెట్టునే నరకడం, తలనొప్పికి తల తీయించుకోవడం వంటిది.

ఏడాది పొడవునా పూస్తే చాలుననుకునేవారికి పచ్చగన్నేరు గుర్తుచేస్తాను. దాని గింజ గుండె లయను తప్పించగల విషం. పసిపిల్లలు తిరిగే ఇంట అది ఎంత అందంగా పూసినా ఉండరాదు.

పెరడే లేదంటారా? ఎండ తగిలే బాల్కనీలో ఒక తొట్టి చాలు, బచ్చలి తీగ పాకుతుంది. పొన్నగంటి కోసినకొద్దీ చిగురిస్తుంది. తొట్టి కింద పళ్ళెం మాత్రం వారానికొకసారి బోర్లించి తోమండి. నేల ఉన్నవారు తొలకరికి మణికట్టు లావు, గజం పొడవు మునగకొమ్మను గోడకు దూరంగా, నీరు నిలవని చోట నాటండి.